ఆదివారం ఎవరిది?

పోయిన మిరపకోతల కాలంలో ఒక ఆదివారం. మా పల్లె మందిరంలో తొమ్మిదింటికి ఆరాధన మొదలవ్వాలి. తొమ్మిదిన్నరయినా సగం కూడా నిండలేదు. ముసలివాళ్లు, పసిపిల్లలు, ఉద్యోగాలు చేసుకునే మాబోటివాళ్లు నలుగురు, అంతే. మిగతా పల్లె పల్లెంతా తెల్లారకముందే ఆటోలెక్కి కోతలకి పోయింది. పాస్టరుగారికి కోపం వచ్చింది. విశ్రాంతిదినాన్ని మీరినవాళ్లని, డబ్బాశ పట్టినవాళ్లని అరగంటసేపు తిట్టారు. తిట్లు తినాల్సినవాళ్లు మాత్రం అక్కడ లేరు. వెనక కూర్చున్న ఒక అవ్వ పక్కనామెతో అననే అన్నది: "ఆళ్లు పనికి పోకపోతే కానుక పళ్లెంలో పది రూపాయలన్నా పడతయ్యా?"

ఆరాధన అయిపోయి ఇంటికొస్తుంటే డొంక పక్క చేలో కోత జరుగుతున్నది. కోస్తున్నవాళ్లు మన పల్లెవాళ్లు కాదు. కర్నూలు జిల్లా పడమటి మండలాల నుంచి, కోసిగి, ఆదోని, మంత్రాలయం వైపు నుంచి సుగ్గికి వచ్చినవాళ్లు. చేల గట్ల మీద పరదాలు కప్పుకుని కాపురం ఉంటారు. కోతలు అయిపోయేదాకా అదే ఇల్లు, అదే వంటిల్లు, అదే పురిటిల్లు. వాళ్లతోపాటు మా బడిలో నాలుగు, అయిదు తరగతులు చదవాల్సిన ఈడు పిల్లలు కూడా సాళ్లలో వంగి కాయ కోస్తున్నారు. చేను ఊళ్లో ఆసామిది. కౌలుకి చేస్తున్నది మాత్రం మన మనిషి. మన సంఘపెద్ద. ఆ పొద్దున ముందు వరసలో నిలబడి పాట ఎత్తుకున్న మనిషే.

సాయంత్రం వాళ్లింటికి వెళ్లి అడిగాం. "ఏమయ్యా పెద్దాయనా, మీకు ఆదివారం ఉంది, వాళ్లకి లేదా?" అన్నాం. ఆయన నొచ్చుకున్నాడు. "కాయ చెట్టునే ఎండిపోతంది మాస్టారూ. వాళ్లు వచ్చిందే కూలికి. కూలోళ్లకి ఆదివారమేంది?" అన్నాడు.

కూలోళ్లకి ఆదివారమేంది! సోదరులారా, ఈ మాట మనకి కొత్తదా? మన ముత్తాతల వీపుల మీద రాసిన మాట కదా ఇది.

పాత సంగతి కొంచెం చెప్పుకోవాలి. గుంటూరులో హయ్యరు దొర 1842లో అడుగుపెట్టాడు, ఆ తర్వాత పల్నాడు పోయి గురజాలలో ఉన్నాడు. ఒంగోలుకి క్లౌ దొర 1866లో వచ్చాడు. దొరల పేర్లు మన పాస్టర్లందరికీ కంఠతా వచ్చు. కానీ క్లౌ దగ్గరికి ముందుగా వచ్చి ఒంగోలు ప్రాంతంలో మన జనాన్ని కదిలించినవాడు యర్రగుంట్ల పేరయ్య. తాళ్లకొండపాడు మాదిగ. చర్మాల బేరం చేసుకుంటూ ఊరూరు తిరిగే మనిషి. ఆయన వెంట నడిచినవాళ్లకి అప్పుడు పెట్టిన కట్టుబాట్లు మూడే మూడు. విగ్రహాలకి మొక్కకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. ఆదివారం పని చెయ్యకూడదు.

ఇప్పుడు వింటే ఇవి మతం కట్టుబాట్లలాగా ఉంటాయి. ఆ రోజుల్లో ఊరికి అవి ఎలా వినపడ్డాయో ఆలోచించండి. విగ్రహానికి మొక్కమంటే జాతరకి డప్పు కొట్టమని. చచ్చిన గొడ్డు ముట్టమంటే, మీ దొడ్లో చచ్చినదాన్ని ఈడ్చుకుపోయి తినే బతుకు మాకొద్దని. ఆదివారం రామంటే, ఏడు రోజుల్లో ఒక రోజు మా ఒళ్లు మాదేనని. ఏడాది పొడుగునా పిలిస్తే పలకాల్సిన వెట్టిమనిషి ఒక రోజు పలకనన్నాడు. కరణాలకి, మునసబులకి మంట పుట్టింది ప్రార్థనల వల్ల కాదు. ఈ పలకకపోవటం వల్ల.

దానికి ఊరు ఏం చేసిందో క్లౌ తన పుస్తకంలో రాశాడు. మన బట్టలు ఉతకొద్దని చాకలికి, మనకి కుండలు అమ్మొద్దని కుమ్మరికి చెప్పారు. పశువుల్ని ఊరుమ్మడి బీళ్ల నుంచి తోలేశారు. చెప్పులు, తోలుపగ్గాల పని ఇవ్వటం మానేశారు. కోతల్లోకి రానివ్వలేదు. కోతల్లోకి రానివ్వకపోవటమంటే ఏడాది తిండిగింజలు పోవటమే. ఇవాళ మనం సాంఘిక బహిష్కారం అనే మాట వాడుతున్నామే, మన జిల్లాల్లో దాని తొలి అనుభవం ఒక ఆదివారం కోసం పడ్డది. అంత పడి కూడా ఆ చదువురాని వాళ్లు ఆదివారాన్ని వదల్లేదు.

తర్వాత 1876-78 కరువు. బకింగ్‌హాం కాలవ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని క్లౌ కాంట్రాక్టుకి తీసుకున్నాడు. ఆకలికి చచ్చే జనం వేలల్లో వచ్చిపడ్డారు. అక్కడ కూలీల మీద పెత్తనానికి పెట్టింది ఎవర్ని? పేరయ్యలాంటి పల్లె బోధకుల్ని. పగలు పని చేయించేది వాళ్లే, రాత్రి గుడిసెల దగ్గర కూర్చుని మాట్లాడేదీ వాళ్లే. కరువు పని జరిగినన్నాళ్లు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు, కూటి కోసం కలిశారన్న మాట వస్తుందని. కరువు తీరాక 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది మునిగారు. ఇంతమంది ఎందుకొచ్చారని పండితులు రకరకాల కారణాలు రాశారు. మాకు తోచేది ఒకటి. కాలవ పనిలో ఆ మేస్త్రీలు తమని ఎట్లా చూశారో వాళ్లు కళ్లారా చూశారు. పనిలో పనికొచ్చిన దేవుణ్ణి నమ్మారు.

ఇప్పుడు మన మేస్త్రీలని చూడండి. మన పల్లెల్లో ముఠా కట్టేది మనవాడే, తరచుగా సంఘంలో పేరున్నవాడే. తలకింతని కోసుకునేది వాడే. ఆటోలో ఆరుగురెక్కాల్సిన చోట పదిహేను మందిని కుక్కేదీ వాడే. 2025 ఫిబ్రవరి 9న ముప్పాళ్ల మండలంలో మిరప కోసి తిరిగొస్తున్న కూలీల ట్రాక్టరు కాలవకట్ట మీద బోల్తా పడింది. నలుగురు ఆడకూలీలు చనిపోయారు. ఆ రోజు ఆదివారం. వాళ్లు ఏ దేవుణ్ణి మొక్కేవాళ్లో మేం విచారించలేదు, అక్కర్లేదు కూడా. ఆదివారం పనికి పోయారు కాబట్టి చనిపోయారని ఎవరన్నా ప్రసంగం చేస్తే మాత్రం అలాంటి మందిరంలో మేం కూర్చోం. పనికి పోక తప్పని స్థితి ఎవరు పెట్టారో దాని మీద ప్రసంగం చెయ్యండి, వింటాం.

ప్రభురాత్రి భోజనంలో ఆడామగా ఒకటే రొట్టె, ఒకటే గిన్నె. తెల్లారి చేలోకి పోతే మగకూలి ఒక రేటు, ఆడకూలి ఒక రేటు. సమాన పనికి సమాన వేతనమని చట్టం 1976లోనే వచ్చింది. రేటు మాట్లాడే మేస్త్రి మన సంఘస్తుడే అయినప్పుడు చట్టం దాకా ఎందుకు? రొట్టె దగ్గర ఒప్పుకున్న మాట చేను దగ్గర ఒప్పుకుంటే సరిపోద్ది. మేం పుట్టింది మిరపకోతకి పోయి మమ్మల్ని చదివించిన తల్లి కడుపున. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ఆమె వేళ్ల మంటకి రాత్రుళ్లు నిద్రపోయేది కాదు. నీళ్లలో చేతులు పెట్టుకుని కూర్చునేది, అట్లాగే ప్రార్థన చేసుకునేది. ఆమెకి మేస్త్రి ఇచ్చింది ఎప్పుడూ తక్కువ రేటే. ఆ మేస్త్రి పోయినప్పుడు సమాధి మీద 'నమ్మకమైన దాసుడు' అని చెక్కించారు.

ఉద్యోగాలొచ్చినవాళ్లం మేమేదో బాగా బతుకుతున్నామని కాదు. మేం ఆఫీసుల్లో, బళ్లల్లో విశ్వాసం మాటే ఎత్తం. భయం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవ దళితుణ్ణి ఎస్సీ కాదన్నది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపారు, మనల్ని వదిలేశారు. బీసీ-సి అని ఒక్క శాతంలో పడేశారు. 2025లో మన హైకోర్టు, క్రైస్తవంలోకి పోయినవాడికి అత్యాచారాల చట్టం వర్తించదని చెప్పింది. మందిరానికి పోతే కులం పోతుందంటారు. మరి మందిరానికి పోయేవాళ్లని కారంచేడులో 1985 జులై 17న, చుండూరులో 1991 ఆగస్టు 6న నరికినప్పుడు ఎవరూ మతం అడిగి నరకలేదే! కారంచేడు నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చినవాళ్లకి చీరాలలో చర్చి ఆవరణే నీడయింది. దళిత మహాసభ పుట్టింది ఆ పోరాటంలోంచే. మతం మత్తుమందని మన ఉద్యమంలో కొందరు మిత్రులు అంటుంటారు. ఆ ఆవరణని గుర్తుపెట్టుకుని అనమని మా మనవి.

సరే, ఆ భయం నిజమే. కానీ బయటికి పేరు చెప్పుకోలేని విశ్వాసం చేతల్లోనన్నా కనపడాలి కదా? మా ఉద్యోగుల్లో ఎంతమంది జీతం రాళ్లని పల్లెలోనే వడ్డీకి తిప్పుతున్నారో మాకు తెలుసు. ఆటోల వెనక వాక్యాలు, ఎరువుల కొట్టు మీద సిలువ బొమ్మ, ఇంటి ముందు చలవరాతి మీద 'ప్రభువు ఇచ్చిన ఇల్లు'. లోపల మాత్రం పనమ్మాయికి వేరే గ్లాసు. ఇంతకంటే ఎక్కువ రాస్తే మా ఇంట్లోనే గొడవవుద్ది.

మళ్లీ సంఘపెద్ద దగ్గరికొద్దాం. ఆయన చెడ్డవాడేం కాదు. కౌలు ముందే కట్టాలి. సొంతదారు సంతకం లేకపోతే 2019 చట్టం ప్రకారం కౌలు కార్డు రాదు, కార్డు లేకపోతే బ్యాంకు అప్పు రాదు. మందులకొట్టు వడ్డీ సరేసరి. రేటు ఎంత పడిందంటే 2025 ఫిబ్రవరిలో కేంద్రమే క్వింటాలుకి 11,781 రూపాయలని ప్రకటించి ఆదుకుంటామనాల్సి వచ్చింది. కౌలుదారు ఎటు తిరిగినా నలిగిపోతున్నాడు. ఒప్పుకుంటాం. అయితే నలిగేవాడు తన కిందవాణ్ణి నలపటానికి అది అనుమతిపత్రమా? నాలుగో ఆజ్ఞ మళ్లీ తీసి చదవమన్నాం ఆయన్ని. విశ్రాంతి యజమానికి మాత్రమే అని లేదు అందులో. పనివాడు, పనిమనిషి, ఎద్దు, ఇంట దిగిన పరదేశి, అందరినీ లెక్కపెట్టి చెప్పింది. కోసిగి నుంచి వచ్చినవాడికంటే పరదేశి ఎవరు మనకి?

ఇంత అడిగినవాళ్లం, అసలు మనుషుల్ని అడగకపోతే ఎట్లా అని ఆ పరదాల దగ్గరికీ వెళ్లాం. వాళ్లలో యేసుని నమ్మినవాళ్లున్నారు, ఉరుకుంద ఈరన్నకి మొక్కేవాళ్లున్నారు. ఆదివారం పని ఆపిస్తే ఎట్లా ఉంటుందని అడిగాం. ఒకామె మమ్మల్ని చూసి నవ్వింది. "కోసినంతే లెక్క సార్ మాకు. ఆదివారం కూసుంటే ఆ పొద్దు లెక్క ఎవురిస్తారు? కూసున్నె దినమంతా ఊరికి పోయేది ఆలిస్యమాయె. నా బిడ్డ బడి ఆడనే ఉంది" అన్నది.

బడిపంతుళ్లం, మాకు సిగ్గేసింది. పేరయ్య కాలంలో ఆదివారం మానటమంటే వెట్టి నుంచి ఒక రోజు లాక్కోవటం. ఇవాళ కిలోకింతని కోసే మనిషికి కూలి లేని ఆదివారం సెలవు కాదు, పస్తు. పాస్టరుగారు తిట్టినా, మేం నీతులు చెప్పినా ఆ కడుపుకి పట్టవు.

కాబట్టి ఈ ఏడు కోతలు మొదలవకముందే మా చుట్టుపక్కల మందిరాలన్నిటిలో ఒక మాట పెట్టదలుచుకున్నాం. కౌలుకో సొంతానికో మిరప, పత్తి పెట్టిన సంఘస్తులు సుగ్గి కూలీలకి ఆదివారం సగం పూటన్నా కూలి ఇచ్చి సెలవివ్వాలి. పిల్లల చేత కాయ కోయించకూడదు. వాళ్లని బడికి పంపితే చేర్చుకునే పూచీ మాది, కాగితాలు లేవని వెనక్కి పంపం. ఆడకూలికి తక్కువ రేటు మాట్లాడే మేస్త్రికి, పల్లెలో వడ్డీ వ్యాపారం చేసే మాబోటి ఉద్యోగికి సంఘంలో పెద్దరికం ఇవ్వకూడదు. కానుకల్లో కొంత తీసి, ఆదివారం కూలి ఇవ్వలేని చిన్న కౌలుదారుకి సాయం చెయ్యాలి. గోపురం ఇంకో అంతస్తు లేపటానికి చందాలు వసూలవుతున్నప్పుడు దీనికి కావా?

పాస్టరుగారితో మాట్లాడాం. మొదట ముఖం ముడుచుకున్నారు. తర్వాత, కోతలున్నన్నాళ్లు సాయంత్రం చేలగట్టు మీదే కూడిక పెడదామా అని ఆయనే అడిగారు. కౌలుదారుల్లో ఇద్దరు సరేనన్నారు. సంఘపెద్ద అవుననలేదు, కాదనలేదు. కల్లం ఎత్తాక కూర్చుని మాట్లాడుకుందామన్నాడు. మేం కల్లం ఎత్తకముందే వెళ్తాం.