జర్మన్ నేర్పుతాం, లంబాడీ నేర్పం

ఆంధ్రప్రదేశ్‌లో ఫ్యామిలీ డాక్టర్ పథకాన్ని 2023 ఏప్రిల్ 6న పల్నాడు జిల్లాలో, చిలకలూరిపేట దగ్గర లింగంగుంట్లలో ప్రారంభించారు. ఊళ్లో క్లినిక్, అందులో బీఎస్సీ నర్సింగ్ చదివిన ఎంఎల్‌హెచ్‌పీ (మధ్యస్థాయి ఆరోగ్య కార్యకర్త), 14 రకాల పరీక్షలు, 105 రకాల మందులు, నెలకు రెండుసార్లు 104 బండితో పాటు వచ్చే డాక్టరు. ఆ తర్వాత ప్రభుత్వం మారింది, బోర్డుల మీద పేర్లూ మారాయి. పల్లెలో బీపీ, షుగర్ రోగులకు రోజువారీ దిక్కు నర్సమ్మే అన్న ఏర్పాటు మాత్రం నిలిచింది. నిలవాల్సిందే కూడా. డాక్టరు పదిహేను రోజులకోసారి వస్తాడు, జబ్బు రోజూ ఉంటుంది.

2023లో వెలువడిన ఐసీఎంఆర్ సర్వే ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉంది. పెద్దవాళ్లలో నూటికి 35 మందికి బీపీ ఉంది. జ్వరమైతే మూడు రోజుల మాత్రలిచ్చి పంపేయొచ్చు. వీటికి అలా కుదరదు. ఏం తింటున్నావు, ఎన్నింటికి తింటున్నావు, కాలికి పుండేమైనా పడిందా, మాత్రలు మానేశావా, మానేస్తే ఎందుకు మానేశావు అని ఏళ్ల తరబడి అడుగుతూనే ఉండాలి. వైద్యంలో సగం ఈ అడగడమే. అది ఏ భాషలో జరుగుతోందన్నది పల్నాడులో ఎవరికీ పట్టినట్టు లేదు.

వెల్దుర్తి, బొల్లాపల్లి, దుర్గి మండలాల్లో సుగాలి (లంబాడీ) తండాలున్నాయి. నల్లమల అంచున చెంచు గూడేలున్నాయి. నరసరావుపేట, వినుకొండ, మాచర్ల ముస్లిం వాడల్లో ఇంటి భాష ఉర్దూ. ‘వాళ్లందరికీ తెలుగు వచ్చు కదా’ అనేది తరచూ వినిపించే జవాబు. నిజమే, సంతలో బేరమాడేంత తెలుగు వచ్చు. కానీ ఒంట్లో బాధ చెప్పుకోవడం బేరం కాదు. తండాలో ముసలమ్మ వస్తే పక్కన కొడుకో, మనవడో నిలబడి మాట అందిస్తాడు. షుగర్ ఎక్కువైన ఆడవాళ్లకు మూత్రం పోసే చోట దురద రావడం మామూలు. ఆ సంగతి మనవడి నోట చెప్పించే నాయనమ్మ ఉంటుందా? మామకు మాట అందించే కోడలు ఆయన సాయంత్రాలు తాగుతున్నాడని ఆయన ఎదురుగా చెబుతుందా? నాయనమ్మా, మామా ఇద్దరూ ‘ఏం లేదమ్మా, బాగానే ఉంది’ అని మాత్రలు పట్టుకుని వెళ్లిపోతారు. కార్డులో మాత్రం కౌన్సెలింగ్ జరిగినట్టే నమోదవుతుంది.

మిరపకోతల కాలంలో ఏమవుతుందో చూడండి. గ్లిమిపిరైడ్ అనే షుగర్ మాత్ర తిండితో కలిపి వేసుకోవాల్సింది. చీటీ మీద ‘ఉదయం ఒకటి, టిఫిన్‌కు ముందు’ అని ఉంటుంది. కూలికి వెళ్లే మనిషి తెల్లారకముందే మాత్ర మింగి ఆటో ఎక్కుతుంది. చేలో క్యారేజీ విప్పేసరికి పదో, పదకొండో. ఈలోగా షుగర్ పడిపోయి చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, కళ్లు తిరుగుతాయి. ఎండలకు పేరుమోసిన రెంటచింతల వైపు దీన్ని అందరూ వడదెబ్బ అనే అనుకుంటారు, నీడన పడుకోబెట్టి నీళ్లు తాగిస్తారు. తీపి ఏదైనా పెట్టాలని ఎవరికీ తట్టదు. ఇక్కడ మాత్రలో తప్పు లేదు. ‘మొదటి ముద్ద ఎన్నింటికి తింటావు’ అని రోగికి తెలిసిన మాటలో అడిగి ఉంటే మాత్ర వేళ మారేది, ఈ గండం తప్పేది.

పండుగల సంగతీ ఇంతే. 2026 ఫిబ్రవరి 15న శివరాత్రి. కోటప్పకొండ తిరునాళ్లకు ఉపవాసం, జాగారం. 18న భస్మ బుధవారం, అంటే క్రైస్తవులకు నలభై రోజుల శ్రమల కాలం మొదలు. వెనువెంటనే రంజాన్ నెల. ఒక్క వారంలో జిల్లాలోని మూడు మతాలవాళ్లూ పస్తులకు దిగారు, అదీ మిరపకోతలు ముమ్మరంగా ఉన్న రోజుల్లో. ఇన్సులిన్ తీసుకునేవాళ్లతో ముందే మాట్లాడి, డాక్టరు సలహాతో మోతాదూ వేళా సర్దాల్సిన వారం అది. ఉపవాసం మానేయమని గద్దిస్తే రోగి ఉపవాసం మానడు, నర్సుకు చెప్పడం మానేస్తాడు.

ఇక పథ్యం. పల్నాడులో జొన్నకూడు తప్ప దిక్కులేదని శ్రీనాథుడు విసుక్కున్నట్టు చాటువులు చెబుతాయి. సాగర్ కుడికాలువ వచ్చాక వరి అన్నం కంచంలోకి వచ్చింది. ఇప్పుడు అచ్చేసిన పథ్యం పట్టికలు చపాతీ, ఓట్స్ అంటున్నాయి. ఇంట్లో జొన్నరొట్టె తట్టుకునే తండా అవ్వకు ఓట్స్ గురించి చెప్పడమంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు. ఆమెతో మాట్లాడాల్సింది రొట్టెలోకి నంజుకునే ఉప్పూకారం గురించి.

మరి నర్సుల చదువులో రోగి సంస్కృతికి చోటుందా? కాగితం మీద ఉంది. అమెరికన్ నర్సు మాడెలిన్ లైనింగర్ 1960ల మొదట్లో న్యూగినీ గాడ్సప్ తెగ మధ్య ఉండి వచ్చి, రోగి సంస్కృతిని పట్టించుకోని సేవ సేవే కాదన్న సిద్ధాంతాన్ని నిలబెట్టింది. మన పిల్లలు ఆమె పేరూ, సన్‌రైజ్ మోడల్ బొమ్మా మార్కుల కోసం బట్టీపడతారు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2021 సిలబస్‌లో మొదటి సెమిస్టర్‌లోనే కమ్యూనికేటివ్ ఇంగ్లీషు ఉంది. రోగి భాషకు మాత్రం ఒక్క పేపరు లేదు. ఎస్టీ కోటాలో చేరిన లంబాడీ అమ్మాయి అదే తరగతిలో కూర్చుని ఉంటుంది. ఆమెకు వచ్చిన భాష ఆ జిల్లాకు అవసరమైన వృత్తి నైపుణ్యమని ఆమెకు ఎవరూ చెప్పరు. నవ్వుతారని ఆమె దాన్ని హాస్టల్ గది దాటనివ్వదు.

భాష నేర్పడం మనకు చేతకాదా అంటే అదీ కాదు. జర్మనీలో నర్సుగా గుర్తింపు పొందాలంటే సాధారణంగా బీ2 స్థాయి జర్మన్ రావాలి. అందుకోసం మన పిల్లలు నెలల తరబడి కోచింగ్‌లో కూర్చుంటున్నారు, రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ కూడా ఆ శిక్షణ ఇప్పించింది. వెళ్లనివ్వండి, నాలుగు డబ్బులు సంపాదించుకోనివ్వండి. జర్మన్ ముసలాయన బాధ ఆయన భాషలోనే వినాలని జర్మనీ షరతు పెట్టింది. మనం ఎవరికీ ఏ షరతూ పెట్టలేదు.

అమెరికాలో ఫెడరల్ నిధులు తీసుకునే ఆస్పత్రులు ఇంగ్లీషు రాని రోగికి ఉచితంగా దుబాసీని ఇవ్వాలి. అత్యవసరమైతే తప్ప పిల్లలను దుబాసీలుగా వాడకూడదు. కొడుకు దగ్గరికి న్యూజెర్సీ వెళ్లిన నరసరావుపేట పెద్దాయన అక్కడ తెలుగు దుబాసీని అడగొచ్చు. వెల్దుర్తి తండా మనిషి సొంత జిల్లాలో ఆ మాట ఎవరిని అడగాలి? రోగికి అర్థమయ్యే భాషలో విషయం చెప్పాలని జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో రూపొందించిన రోగుల హక్కుల పత్రం కూడా అంటోంది. అలా అడగాల్సినవాళ్లు తక్కువేం కాదు: 2011 జనగణనలో దేశంలో లంబాడీ మాట్లాడేవాళ్లు 32 లక్షలకు పైనే. వాళ్లను హిందీ పద్దులో కలిపి లెక్కించారు.

ప్రస్తుతం ఈ దుబాసీ లోటు పూడుస్తున్నది తండాలోని ఆశా కార్యకర్త. ఆమె గౌరవ వేతనాన్ని 2019లో నెలకు పది వేలు చేశారు గానీ దుబాసీ పని ఆమె విధుల్లో ఎక్కడా రాసి లేదు, దానికి పైసా లేదు. నర్సింగ్ విద్యార్థులకు కమ్యూనిటీ హెల్త్ పోస్టింగు ఎలాగూ ఉంది. తారు రోడ్డు పక్క ఊళ్లు చుట్టి రాకుండా కొన్ని వారాలు తండాలో చేయించి, ఆశానే భాష గురువుగా పెట్టి, ఆమెకు పారితోషికం ఇస్తే సరి. ఉమ్మడి రాష్ట్రంలోనే గిరిజన పిల్లల కోసం తెలుగు లిపిలో బంజారా (లంబాడీ) వాచకాలు వేశారు కాబట్టి అక్షరాలు కొత్తగా కనిపెట్టాల్సిన పనీ లేదు. ప్రాక్టికల్ పరీక్షలో ఒక రోగితో ఆ రోగి భాషలో మాట్లాడి చూపించడానికి మార్కులు పెట్టాలి. మార్కులు లేనిదాన్ని మన కాలేజీలు నేర్పవు. కేస్ షీటులో రోగి ఇంటి భాషకు ఒక గడి చేర్చాలి, లేకపోతే ఏ క్లినిక్‌కు ఏ భాష వచ్చిన నర్సును వేయాలో జిల్లా అధికారులకు ఎప్పటికీ తెలియదు. రాష్ట్రమంతా ఒకేసారి అంటే దస్త్రం విజయవాడలోనే ఆగిపోతుంది. వచ్చే విద్యా సంవత్సరం వెల్దుర్తి, బొల్లాపల్లి మండలాలతో మొదలుపెట్టడానికి నరసరావుపేట కలెక్టరేట్‌లో ఒక సమావేశం చాలు.