పన్నీరు నీళ్ళతో బండి నడుస్తుందా?

పిల్లలూ! కాగే పాలలో నిమ్మరసం పిండి పన్నీరు చేయడం మీరు చూచే వుంటారు. తెల్లని ముద్ద గుడ్డలో నిలుస్తుంది. లేతపసుపు తేట కిందికి కారిపోతుంది. ఆ తేటను పారబోస్తే నష్టమేమిటి?

ఒక చుక్క నాలుకమీద వేసుకోండి. పులుపు వెనుక కాస్త తీపి తగులుతుంది. అది పాలచక్కెర. దీనినే లాక్టోజు అంటారు. 100 లీటర్ల తేటలో సుమారు 4.5 కిలోల పాలచక్కెర వుంటుంది. గిన్నెడు తేటతో భయం లేదు. కాని పెద్ద డైరీలలో రోజూ వేల లీటర్లు వస్తుంది. అదంతా హైటెక్ సిటీ పక్కనున్న దుర్గం చెరువు వంటి చెరువులో కలిసిందనుకోండి. సూక్ష్మజీవులు ఆ చక్కెర తిని కోట్లకు కోట్లు పెరుగుతాయి. నీటిలోని ప్రాణవాయువునంతా వాడేస్తాయి. చేపలు ఊపిరాడక చస్తాయి.

ఆ చక్కెరను ఈస్టుకు పెడితే? ఈస్టు చక్కెరను తిని ఇథనాల్‌నూ, బొగ్గుపులుసు వాయువునూ ఇస్తుంది. అయితే ఒక చిక్కున్నది. లాక్టోజు అంటే గ్లూకోజు, గాలక్టోజు అనే రెండు చక్కెరల జంట. రొట్టెలకు వాడే ఈస్టుకు ఆ ముడి విప్పడం చేతకాదు. క్లూవెరోమైసిస్ అనే ఈస్టుకు చేతనవును.

పెద్దలను దగ్గర వుంచుకుని పరీక్షించండి. ఒక సీసాలో గోరువెచ్చని పంచదార నీరు, మరొక సీసాలో గోరువెచ్చని తేట పోసి, రెంటిలోనూ చెంచాడు రొట్టె ఈస్టు వేసి, మూతులకు బుడగలు తొడగండి. పంచదార సీసాపై బుడగ ఉబ్బుతుంది; తేట సీసాపై బుడగ దాదాపు అలాగే వుంటుంది.

ఐర్లండులోని కార్బెరీ డైరీ 1978లోనే తేటనుంచి ఇథనాల్ తీయసాగింది. ముందు తేటలోని మాంసకృత్తులను వేరుచేస్తారు. మిగిలిన చక్కెరనీటిని ఈస్టుతో పులియబెట్టి, కాస్తారు. నీరు 100 డిగ్రీల వద్ద మరుగుతుంది; ఇథనాల్ 78 డిగ్రీలకే మరుగుతుంది. కనుక ఇథనాల్ ముందుగా ఆవిరై లేస్తుంది. ఆ ఆవిరిని చల్లార్చి పట్టుకుంటారు.

సైబరాబాదు రోడ్లమీద తిరిగే కార్ల పెట్రోలులోనూ ఇథనాల్ వున్నది. 2025లో మన దేశం 20 శాతం కలిపే స్థాయికి చేరింది. కాని అది ముఖ్యంగా చెరకునుంచీ, మొక్కజొన్న, బియ్యం వంటి ధాన్యాలనుంచీ వస్తుంది. తేటనుంచి ఎందుకు తీయరు? పిండి కొద్దీ రొట్టె గదా! 100 లీటర్ల తేటకు దక్కేది సుమారు 2.5 లీటర్లే. అంత నీటిని కాయడానికి ఖర్చు ఎక్కువ. బోలెడు తేట ఒకేచోట దొరికితేనే గిట్టుతుంది.

మరి మీ ఇంటి తేట మాటో? దానితో చపాతీ పిండి కలపమనండి. చపాతీలు మెత్తగా వస్తాయి, చక్కెరా వృథాకాదు!