అడుగులేని చెంబులు

ఉర్దూలో 'బేపేందీ కా లోటా' అనే నుడికారం ఒకటి ఉన్నది. అడుగులేని చెంబు అని దాని అర్థం. నేలమీద పెడితే నిలువదు. వాలు ఎటు ఉంటే అటు దొర్లిపోతుంది. మాటమీద నిలువని మనిషిని, ముఖ్యంగా పక్షాలు మార్చే రాజకీయవేత్తను, ఉర్దూ మాట్లాడేవారు ఈ విధంగా ఎత్తిపొడుస్తారు. ఇదే సందర్భంలో తెలుగువారు 'గోడమీది పిల్లి' అంటారు. ఈ రెండింటిలో ఏది సముచితమని అడిగితే మా ఓటు పిల్లికే. చెంబుకు పాపం తెలివి లేదు. పిల్లి అలా కాదు. ఏ ఇంట పాలు కాగుతున్నవో కనిపెట్టి, అదను చూసి ఆ వైపునకే దూకుతుంది.

ఈ దూకుడు ఎంతటి అనర్థాన్ని తేగలదో ఆంధ్రదేశం 1984లో చూసింది. 1983 జనవరి ఎన్నికలలో తెలుగుదేశం పార్టీ 294 స్థానాల శాసనసభలో 200 పైచిలుకు గెలిచి అధికారానికి వచ్చింది. ఏడాదిన్నర గడిచిందో లేదో, ముఖ్యమంత్రి నందమూరి తారక రామారావు అమెరికాలో గుండెకు శస్త్రచికిత్స చేయించుకొని తిరిగివచ్చిన రోజులలోనే, మెజారిటీ తనదని నాదెండ్ల భాస్కరరావు ప్రకటించుకొన్నారు. ఆగస్టు 16న గవర్నరు రాంలాల్ రామారావు మంత్రివర్గాన్ని బర్తరఫ్ చేసి, భాస్కరరావుచేత ప్రమాణస్వీకారం చేయించారు. శాసనసభ్యులను వెంటబెట్టుకొని రాజభవనానికి వెళ్ళి లెక్క చూపినా వినిపించుకొన్నవారు లేరు. ఆ మీదట ఆ శాసనసభ్యులను ప్రలోభాలనుండి తప్పించడానికి పొరుగున ఉన్న కర్ణాటకకు తరలించవలసి వచ్చింది. లక్షలాది ప్రజలు ఎన్నుకొన్న ప్రతినిధులను పంటకళ్ళంలోని ధాన్యంవలె రాత్రింబవళ్ళు కాపలా కాయవలసి రావటం కంటె ప్రజాస్వామ్యానికి అవమానం మరేమున్నది? ఆ అనిశ్చితి రోజులలోనే హైదరాబాదు నగరం మతకలహాలతో, కర్ఫ్యూతో అల్లాడింది. కుర్చీ ఎవరిదో తేలకమునుపే పేదవారు ప్రాణాలు పోగొట్టుకొన్నారు. రాష్ట్రమంతటా ప్రజలు వీధులకెక్కిన మీదట, గవర్నరు మారిన మీదట, సెప్టెంబరు 16న రామారావు తిరిగి ముఖ్యమంత్రి కాగలిగారు.

ఇది ఆంధ్రుల సొంత రోగం కాదు. 1967లో హర్యానా శాసనసభ్యుడు గయాలాల్ పక్షం రోజులలో మూడుసార్లు పార్టీ మారి 'ఆయారాం గయారాం' అనే మాటకు మూలపురుషుడైనాడు. ఆనాడు ఫిరాయింపులపై చవాన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం 210 మంది ఫిరాయింపుదారుల లెక్క తీయగా వారిలో 116 మందికి మంత్రి పదవులు దక్కినట్లు తేలింది. సిద్ధాంతం మారిందని పార్టీ మారినవారిలో సగానికి పైగా మంత్రులు కావటం కేవలం కాకతాళీయమని నమ్మగలవారు నమ్మవచ్చును.

1985 జనవరిలో పార్లమెంటు 52వ రాజ్యాంగ సవరణ ద్వారా పదవ షెడ్యూలును చేర్చింది. మార్చి 1 నుండి అది అమలులోనికి వచ్చింది. పార్టీని విడిచినవాడు, పార్టీ విప్‌ను ధిక్కరించి ఓటు వేసినవాడు సభ్యత్వాన్ని కోల్పోతాడన్నది దాని సారం. అయితే అందులోనే ఒక కిటికీ తెరిచి ఉంచారు. మూడవ వంతు సభ్యులు కలిసి బయటికి వస్తే అది ఫిరాయింపు కాదు, చీలిక. 2003లో 91వ సవరణ ఆ కిటికీని మూసింది గాని, పెద్ద ద్వారాన్ని అట్లే వదిలిపెట్టింది. మూడింట రెండు వంతుల మంది కలిసి వెళితే దాని పేరు విలీనం.

బెల్లం వ్యాపారంతో పెరిగిన అనకాపల్లివారికి చిల్లర బేరానికీ టోకు బేరానికీ గల తేడా ఎవరూ చెప్పనక్కరలేదు. ఒక్కడు అమ్ముడుపోతే నేరం. గుంపుగా అమ్ముడుపోతే విలీనం. 2019 జూన్‌లో తెలంగాణ శాసనసభలో 18 మంది కాంగ్రెసు సభ్యులుండగా 12 మంది తెలంగాణ రాష్ట్ర సమితిలో కలిసిపోయారు. ఒక్కరు కూడా ఎక్కువ కాదు, ఒక్కరు కూడా తక్కువ కాదు. సరిగ్గా మూడింట రెండు వంతులు. గణితశాస్త్రంపై మన నాయకులకు గల శ్రద్ధ మా విద్యార్థులకు ఉంటే ఎంత బాగుండును! అదే నెలలో రాజ్యసభలో తెలుగుదేశం సభ్యులు ఆరుగురిలో నలుగురు భారతీయ జనతాపార్టీలో విలీనమైనారు. ఆ నలుగురిలో ఒకరైన సి.ఎం. రమేశ్ 2024లో మన అనకాపల్లి నుండి భా.జ.పా. అభ్యర్థిగా, తాము విడిచి వచ్చిన తెలుగుదేశం పొత్తుతోనే, లోక్‌సభకు గెలిచారు. అంతకుముందు 2009లో అనకాపల్లి శాసనసభ స్థానం ప్రజారాజ్యానికి ఓటు వేసింది. 2011లో ఆ పార్టీయే వెళ్ళి కాంగ్రెసులో కలిసింది. ఓటరును అడిగినవారు లేరు.

రెండు వంతులు కుదరని చోట మరొక ఉపాయం ఉన్నది. ఫిరాయింపుపై తీర్పు చెప్పవలసినవారు సభాపతి. ఆయన సాధారణంగా పాలకపక్షం మనిషి; తీర్పు చెప్పకుండా కూర్చుంటే చాలును. 2014లో గెలిచిన 67 మంది వై.ఎస్.ఆర్. కాంగ్రెసు శాసనసభ్యులలో 23 మంది తెలుగుదేశం పార్టీలోనికి వెళ్ళారు. 2017 ఏప్రిల్‌లో వారిలో నలుగురు మంత్రులు కూడా అయినారు. ఆ సభ గడువు ముగిసేదాకా వారి సభ్యత్వం చెక్కుచెదరలేదు. 2019లో తెలుగుదేశం పార్టీకి దక్కిన స్థానాలు సరిగ్గా 23 కావటం చూసి జనం నవ్వుకొన్నారు. తెలంగాణలో 2019లో కాంగ్రెసును మింగినవారికి 2023 ఎన్నికల తరువాత అదే అనుభవం ఎదురయింది, పదిమంది బి.ఆర్.ఎస్. శాసనసభ్యులు కాంగ్రెసు వైపు వెళ్ళారు. వారిలో ఒకరు బి.ఆర్.ఎస్. శాసనసభ్యత్వాన్ని వదలకుండానే సికింద్రాబాదు లోక్‌సభ స్థానానికి కాంగ్రెసు అభ్యర్థిగా పోటీ చేశారు. చివరకు 2025 జులై 31న సుప్రీంకోర్టు మూడు నెలలలో తేల్చవలసిందని సభాపతిని ఆదేశించవలసి వచ్చింది. నిన్న ఫిరాయింపును తప్పని అరచిన పక్షమే నేడు కండువాలు పట్టుకొని గుమ్మంలో నిలుచుంటుంది.

అమెరికాలో ఫిరాయింపుల చట్టమే లేదు. అక్కడ పార్టీగీతను దాటటం రెండు విధాలుగా ఉంటుంది: ఓటుతో దాటటం ఒకటి, పార్టీనే మార్చటం మరొకటి. 2017 జులైలో సెనేటర్ జాన్ మెకెయిన్ వైద్యబీమా బిల్లుపై తన రిపబ్లికన్ పార్టీకి ఎదురుగా ఓటు వేశారు, బిల్లు వీగిపోయింది, ఆయన రిపబ్లికన్‌గానే మిగిలారు. మన దేశంలో ఆ పని చేస్తే సభ్యత్వం పోతుంది. పార్టీ మార్చినవారు అక్కడా లేకపోలేదు. 2001లో సెనేట్ సరిసమానంగా చీలి ఉన్న వేళ జిమ్ జెఫర్డ్స్ ఒక్కరు రిపబ్లికన్ పార్టీని వదలటంతో సభాధిపత్యమే చేతులు మారింది. 2009లో ఆర్లెన్ స్పెక్టర్ డెమోక్రటిక్ పార్టీలో చేరారు; మరుసటి ఏడు ఆ పార్టీ ఓటర్లే ఆయనను అభ్యర్థిగా అంగీకరించలేదు. వీరందరికంటె మాకు నచ్చినవాడు టెక్సాస్ ప్రతినిధి ఫిల్ గ్రామ్. ఆయన సిద్ధాంతాలు మాకు రుచించవు, అది వేరు సంగతి. 1983 జనవరిలో డెమోక్రటిక్ పార్టీని విడుస్తూ సభ్యత్వానికి రాజీనామా ఇచ్చి, ఫిబ్రవరిలో ఉపఎన్నికకు నిలిచి, రిపబ్లికన్‌గా గెలిచి సభకు తిరిగివచ్చారు. ఏ చట్టమూ ఆయనను బలవంతపెట్టలేదు.

మనకూ అటువంటివారు లేకపోలేదు. ఈటల రాజేందర్ 2021లో రాజీనామా చేసి హుజూరాబాదులో మరల పోటీచేసి గెలిచారు. కోమటిరెడ్డి రాజగోపాలరెడ్డి 2022లో అదే విధంగా మునుగోడులో నిలిచి ఓడిపోయారు. గెలుపు ఓటముల మాట అట్లుంచి, ఇద్దరూ ఓటరు ముంగిటికి తిరిగి వెళ్ళారు.

పార్టీ మారినవారందరూ దుష్టులని మా వాదన కాదు. ఆంధ్రకేసరి ప్రకాశం పంతులు 1953లో ప్రజా సోషలిస్టు పక్షాన్ని విడిచి, కాంగ్రెసు మద్దతుతో ఆంధ్రరాష్ట్ర ప్రథమ ముఖ్యమంత్రి అయినారు. ఆచార్య రంగా కాంగ్రెసును విడిచి, తిరిగివచ్చి, మరల విడిచి 1959లో స్వతంత్ర పార్టీ స్థాపకులలో ఒకరైనారు. మన అనకాపల్లిలో కొణతాల రామకృష్ణ కూడా కాంగ్రెసు నుండి పలు మలుపులు తిరిగి 2024లో జనసేన పక్షాన శాసనసభకు గెలిచినవారే. చేతిలో సభ్యత్వం లేని వేళ మనిషి ఏ పార్టీలో చేరినా అది అతని ఇష్టం. ఒకరిచ్చిన దానిని చేతపట్టుకొని మరొకరి ఇంటికి వెళ్ళటంతోనే మాకు పేచీ.

ఇస్లాంలో అమానత్ అనే భావన ఉన్నది. ఒకరు నమ్మి దాచుకొమ్మని ఇచ్చిన సొమ్ము అది. కాపాడవలసినదే గాని ఖర్చుపెట్టుకొనరాదు. ఓటు అటువంటిదని మేము నమ్ముతాము. 1989లో అదే కొణతాల రామకృష్ణ అనకాపల్లి లోక్‌సభ స్థానాన్ని 9 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. ఆనాడు చెరకుతోట పని మానుకొని, మండుటెండలో వరుసలో నిలిచిన తొమ్మిదిమంది రాకపోయి ఉంటే ఫలితమే వేరై ఉండవచ్చును. ఆ తొమ్మిదిమందికి చెప్పకుండా, వారి ఓటును మరొక గుర్తు కిందికి మార్చే అధికారం ఏ నాయకుడికైనా ఎవరిచ్చారు?

చట్టాన్ని మార్చటానికి కొత్తగా కనిపెట్టవలసినదేమీ లేదు. విప్ బంధాన్ని ప్రభుత్వ మనుగడకు సంబంధించిన ఓటింగులకు పరిమితం చేయాలని 1990లోనే దినేశ్ గోస్వామి సంఘం సూచించింది. అట్లు చేస్తే చెరకు రైతుకు నష్టం చేసే బిల్లుకు మన ప్రాంతపు శాసనసభ్యుడు ధైర్యంగా 'కాదు' అనగలుగుతాడు. తీర్పు చెప్పే అధికారాన్ని సభాపతి నుండి తప్పించి స్వతంత్ర ట్రిబ్యునల్‌కు అప్పగించే విషయం ఆలోచించవలసిందని 2020లో సుప్రీంకోర్టు పార్లమెంటుకు సూచించింది. వీటికి మేము చేర్చేది ఒక్కటే: రెండు వంతుల మినహాయింపును ఎత్తివేయాలి. ఒకరు వెళ్ళినా పన్నెండుగురు వెళ్ళినా స్థానం ఖాళీ కావాలి. ఉపఎన్నికలకు ఖర్చు అవుతుందని కొందరంటారు. అవుతుంది. శాసనసభ్యులను పొరుగు రాష్ట్రాలలో దాచటానికీ ఖర్చు అవుతూనే ఉన్నది.

కళాశాల పాలకవర్గానికి ఒక మనవి. వచ్చే సంవత్సరం వక్తృత్వపు పోటీకి ఈ విషయాన్నే ఉర్దూ, తెలుగు భాషలు రెండింటిలోనూ ఇవ్వవలసినదని కోరుతున్నాము. చెంబు పక్షాన వాదించేవారు ఒక వైపు, పిల్లి పక్షాన వాదించేవారు మరొక వైపు నిలువవచ్చును. పోటీ మధ్యలో వైపు మారదలచిన విద్యార్థి మాత్రం వేదిక దిగి, మొదటినుండి మరల పేరు నమోదు చేయించుకొనవలెను.