తొలి గిటారునకు ఎంత వెచ్చింపవలెను?

రాక్ సంగీతము వాయింపవలెనని మనసుపడిన కుఱ్ఱవాడు మొదట ఒక చవుక అకూస్టిక్ గిటారు కొని, దానిపై ఏడాదియో రెండేండ్లో వ్రేళ్ళు కాయలు కాచునట్లు సాధన చేసి, చేయి కుదిరిన పిమ్మటనే ఎలక్ట్రిక్ గిటారును ముట్టవలెనని, హనుమకొండ చౌరస్తా మొదలుకొని కాజీపేట రైల్వే కాలనీ వఱకు ఎవరి నడిగినను ఒక్కటే మాట చెప్పుదురు. చెప్పువారిలో సంగీతజ్ఞులును కలరు. పిల్లవాని ఉబలాట మెన్నాళ్ళు నిలుచునో చూచి ఆ మీద డబ్బు తీయుదమని యోచించు తండ్రులును కలరు. ఉభయుల ఉద్దేశములును మంచివే. సలహా మాత్రము మంచిది కాదని చెప్పుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

అకూస్టిక్ గిటారునకు సాధారణముగ కట్టు తీగలలో అన్నిటికంటె సన్ననిది అంగుళములో వేయింట 12 వంతుల మందము గలది. ఎలక్ట్రిక్ గిటారున ఆ స్థానమందలి తీగ వేయింట 9 వంతులో 10 వంతులో మాత్రమే యుండును. తేడా కాగితముమీద అత్యల్పము. కాని తీగ బిగువు మందముయొక్క వర్గమును బట్టి పెరుగునది గనుక, ఒకే పొడవున ఒకే స్వరమునకు శ్రుతి చేసినపుడు 12 వంతుల తీగ 9 వంతుల తీగకంటె ముప్పాతిక వంతు అధికమైన బిగువుతో నిలుచును. ఆ అధికమంతయు లేత వ్రేలికొనలే భరింపవలెను. అందులోను మూడు నాలుగువేలకు దొరకు గిటారులలో తీగలు దండినుండి మిక్కిలి ఎత్తున నుండుట పరిపాటి. చూపుడువ్రేలితో ఆఱు తీగలను ఒక్కసారిగ అదిమి పట్టవలసిన ఎఫ్ కార్డ్ దగ్గఱకు వచ్చుసరికి పిల్లవాని ధైర్యము సడలును. గిటారు బీరువా పైకి చేరును. వీనికి సంగీతము అబ్బలేదని ఇంటిల్లిపాదియు తీర్మానింతురు. అబ్బకపోయినది సంగీతము కాదు, ఆ తీగల ఎత్తు.

ఈ విషయమున ఇంగ్లండు దేశపు బర్మింగ్‌హామ్ నగరమునకు చెందిన టోనీ అయోమీ కథ స్మరింపదగినది. పదునేడేండ్ల ప్రాయమున లోహపు రేకుల కర్మాగారములో, పనికి కడపటి దినమున, అతని కుడిచేతి మధ్యమానామికల కొనలు యంత్రములో పడి తెగిపోయినవి. అతడు ఎడమచేతి వాటమువాడగుటచే తీగల నదుముచేయి అదియే. ప్లాస్టిక్ సీసా కరగించి వ్రేళ్ళకు తొడుగులు చేసికొని, గిటారు తీగల గట్టిదనము నోర్వలేక బాంజో అను వాద్యమునకు కట్టు సన్నతీగలను తెచ్చి తగిలించుకొని, 1970లో బ్లాక్ సబ్బత్ బృందముతో కలిసి వెలువరించిన తొలి ఆల్బము నుండియే హెవీ మెటల్ అను శాఖ ఆరంభమైనదని పలువురు చెప్పుదురు. కాలక్రమమున అతడు శ్రుతిని గూడ దించుకొనెను. వాద్యమును తన చేతికి తగినట్లు సులువు చేసికొనుట ఆ మహావాదకునకే తప్పు కానపుడు, నక్కలగుట్టలో ఇంటర్మీడియట్ చదువు పిల్లవానికి ఎందుకు కావలెను?

ఇక, కరెంటుతో మ్రోగునది వాద్యమే కాదను పెద్దలు కొందఱు కలరు. వారికి పాలకొల్లున 1969లో జన్మించిన మాండలిన్ విద్వాంసుడు ఉప్పలపు శ్రీనివాస్‌ను జ్ఞాపకము చేసిన చాలును. కఱ్ఱ మాండలిన్‌లో మీటిన స్వరము మీటినంత సేపటికే అణగిపోవును; గమకమునకు కావలసిన నిలుకడ దానికి లేదు. ఆ బాలుడు ఎలక్ట్రిక్ మాండలిన్ చేపట్టి, జంటతీగలను విడిచి ఒంటితీగలు కట్టి, 1978లో గుడివాడలో త్యాగరాజారాధన సందర్భమున తొలి కచేరీ చేసిననాటికి అతనికి తొమ్మిదేండ్లు. అటుపిమ్మట కర్ణాటక సంగీత లోకము ఆ వాద్యమును ఎట్లు తలకెత్తుకొన్నదియు ఎల్లరు నెఱుగుదురు. అంతకు ఏడు శతాబ్దములకు ముందే మన పాలకుర్తి సోమనాథుడు పండితారాధ్య చరిత్రములో వీణల పేర్లు వరుసపెట్టి ఏకరువు పెట్టినాడు. అన్ని తంత్రీవాద్యములకు చోటిచ్చిన ఈ సీమలో ఇంకొక్కదానికి చోటు చాలదనుట నాకు నచ్చదు.

పైగా ఈ వాద్యమందలి విద్యుత్తు మన విద్యార్థులకు కొత్తదియుఁ గాదు. ఉక్కుతీగ క్రింద ఒక అయస్కాంతము, దాని చుట్టు వెండ్రుకవంటి రాగితీగను వేలకొలది చుట్లు చుట్టిన చుట్ట: ఇదియే పికప్. తీగ కంపించినపుడు అయస్కాంత క్షేత్రము చలించి, రాగిచుట్టలో స్వల్ప విద్యుత్తు పుట్టును. 1831లో ఫారడే కనుగొన్న సూత్రమునకు ఇంతకంటె శ్రావ్యమైన ఉదాహరణము వేఱొకటి లేదు. స్ట్రాటోకాస్టర్ అను సుప్రసిద్ధమైన గిటారును 1954లో లోకమునకిచ్చిన లియో ఫెండర్ కాలిఫోర్నియాలో రేడియోలు బాగుచేయువాడు. గిటారు వాయించుట ఆయనకు రానేరాదు. 1959లో నెహ్రూ శంకుస్థాపన చేయగా ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలగా వెలసి, 2002లో ఎన్.ఐ.టి.గా మాఱిన మన ఓరుగల్లు విద్యాలయమున ఎలక్ట్రికల్ శాఖ చదువువారు, అచటి స్ప్రింగ్ స్ప్రీ అను విద్యార్థి వేడుకలకు గిటారు మోగించుటయే గాక, దానిని విప్పి చూచి మరమ్మతు చేయుటకును సమర్థులు కాగలరు.

ఇంక సొమ్ము మాట. ఇంటివారు 20,000 రూపాయలు ఈయ సిద్ధపడినారనుకొందము. సర్వసాధారణముగ జరుగునది, ఆ 20,000లును గిటారుమీదనే పోసి, పేరుమోసిన ముద్ర కలదానిని తెచ్చి, నాదమును పెంచు యాంప్ (ఆంప్లిఫైయరు) కొనుటకు పైకము మిగులక, టీవీ స్పీకరునకో పాత టేప్‌రికార్డరునకో తగిలించి, ఇది గిటారు మ్రోతవలె లేదేమని విచారించుట. రాక్ సంగీతమున మనల నాకర్షించు ఆ గరగర నాదము తీగలోను కొయ్యలోను లేదు. అత్యధిక భాగము యాంప్‌లోనే పుట్టును. శక్తికి మించిన సంకేతము నిచ్చినపుడు యాంప్ దాని అంచులను కత్తిరించి, చితికిన స్వరమును వెలువరించును; ఒకప్పుడు లోపమని యెంచిన దానినే రాక్‌వారు అలంకారముగ స్వీకరించిరి. కావున నా లెక్క వేఱు: గిటారునకు 12,000, చిన్న యాంప్‌నకు 5,000, తక్కిన 3,000 తీగలకు, పిక్కులకు, కేబులునకు, సెటప్ అను సవరణల కూలికి. యాంప్ 10 వాట్లున్న చాలును, హెడ్‌ఫోన్ పెట్టుకొను రంధ్రము మాత్రము తప్పక యుండవలెను; అపార్ట్‌మెంటులో ఇరుగుపొరుగువారి శాంతి దానిమీదనే ఆధారపడియున్నది.

12,000లకు కొత్తది మేలైనది దొరకునా యందురు. మన దేశపు చవుక ముద్రలలో దొరకవచ్చును. కాని ఒకే నమూనాలోనే ఒకటి చక్కగను ఒకటి వంకరగను వచ్చును గనుక చేతితో పట్టి చూడక కొనరాదు. ఇంతకంటె మంచి మార్గము పాతది కొనుట. యమహావారు 1990లో ఆరంభించిన పసిఫికా గిటారులు, ఫెండర్‌వారు తమ చవుక శ్రేణికి 1982 నుండి వాడుచున్న స్క్వైర్ ముద్ర గలవి, ఐబనీజ్‌వారి జియో, కోర్ట్ మొదలగునవి ఒకటి రెండేండ్లు వాడినవి చాల తగ్గింపు ధరకు వచ్చును. ప్రతి వేసవిని ఎన్.ఐ.టి.లో నాలుగవ సంవత్సరపు విద్యార్థులు హాస్టలు గదులు ఖాళీ చేసి ఉద్యోగములకు పోవునపుడు సైకిళ్ళు, కూలర్లతోబాటు గిటారులును చేతులు మాఱును. బేరమునకు అంతకంటె అనుకూలమైన ఋతువు లేదు. గిటారు, యాంప్, సంచి, బెల్టు, తీగలు అన్నియు ఒకే పెట్టెలో కలిపి ఏడువేలకే ఇంటికి పంపెదమను ప్రకటనలు చూచి మాత్రము మోసపోకుడు. ఆ పెట్టెలోని యాంప్ సాధారణముగ ఆటబొమ్మ.

రాక్ వాయించువానికి నేను చెప్పు షరతులు రెండే. తీగలు కట్టు వంతెన (బ్రిడ్జ్) దగ్గఱి పికప్ హంబకర్ అను రకమై యుండవలెను. ఒంటిచుట్ట పికప్‌లు మన ఇండ్ల 50 హెర్ట్జుల కరెంటు రొదను గూడ పట్టుకొని, గరగర నాదము పెంచినకొలది తేనెటీగలవలె ఝుమ్మనుచుండును. రెండు చుట్టలను వ్యతిరేకముగ కలిపి ఆ రొదను హరించు ఈ హంబకర్ ఉపాయమును గిబ్సన్ సంస్థలో సెథ్ లవర్ 1955లో కనిపెట్టినాడు. రెండవది, వంతెన స్థిరమై యుండవలెను. ఫ్లాయిడ్ రోజ్ అను తేలియాడు వంతెన చూపునకు ఘనము. ఒక తీగ తెగినచో తక్కిన ఐదును అపశ్రుతి పలుకును, తీగ మార్చుటకే అర్ధదినము పట్టును. అది తొలి గిటారునకు తగదు. రంగు, ఆకారము, తలపై ముద్ర మీ యిష్టము.

కొనుటకు ముందు పరీక్ష పది నిమిషముల పని. గిటారు అడుగుభాగమును కంటికి చేర్చి దండి పొడవునా తుపాకి గుఱి చూచినట్లు చూడుడు. మెలిక కనబడినచో తిరిగి ఇచ్చివేయుడు, దానికి చికిత్స లేదు. లావుతీగను మొదటి మెట్టుమీదను, దండి మొండెముతో కలియుచోటి మెట్టుమీదను ఒకేసారి అదిమి, ఏడెనిమిదవ మెట్ల దగ్గఱ తీగకు మెట్టునకు నడుమ ఎంత సందున్నదో చూడుడు. విజిటింగ్ కార్డు దూరునంత యున్న మేలు. ఎక్కువ తక్కువలను దండిలోని ట్రస్ రాడ్ అను కడ్డీని బిగించియో వదలించియో సవరింపవచ్చును. పండ్రెండవ మెట్టు దగ్గఱ లావుతీగ ఎత్తు 2 మిల్లీమీటర్లకు అటునిటుగా నుండవలెను. పిదప అదే మెట్టుమీద తీగను తేలికగా తాకి మీటినపుడు వచ్చు స్వరమును, గట్టిగ అదిమి మీటినపుడు వచ్చు స్వరమును ఫోనులోని ట్యూనరుతో పోల్చి చూడుడు. రెండును ఒకటి కానిచో వంతెనపై తీగపొడవు సవరింపవలసి యుండును. కడపట బొటనవ్రేలితో దండి అంచు వెంబడి నిమురుడు. ఓరుగల్లు మే నెల యెండలకు కొయ్య ఎండి ముడుచుకొని, మెట్ల కొనలు బయటికి పొడుచుకొని వచ్చి చేతిని గీరుట కలదు; సన్నని ఆకురాయితో అది పోవును, కాని బేరములో ఒక వేయి తగ్గించుకొనుటకు పనికివచ్చును.

ఈ సవరణలనే సెటప్ అందురు. వేయి రెండువేల కూలితో పదివేల గిటారు ఇరువదివేల గిటారువలె చేతికి ఒదుగునని వినినపుడు మన కొనుగోలుదారులు నమ్మరు. మైనముపై నిలిపిన వీణ మెట్లు కదలినపుడు తెలిసినవానిచేత సరిచేయించుకొనక ఏ వైణికుడును వాయింపడు; గిటారు కొనువాడో, పెట్టె విప్పిన వెంటనే పాట పలుకవలె ననును.

ఒక హెచ్చరిక గూడ చేయక తప్పదు. గిటారు తీగలు యాంప్ ద్వారా భూమికి, అనగా ఎర్తింగుకు, కలుపబడి యుండును. పాత ఇండ్లలోను కొన్ని అద్దె గదులలోను మూడు రంధ్రముల సాకెట్టు కనబడును గాని, మూడవ రంధ్రము వెనుక తీగయే యుండదు. అట్టిచోట వాయించువానికి తీగలు ముట్టినపుడు చురుక్కుమనుటయేగాక, యాంప్‌లో దోషమున్నచో ప్రాణాపాయమును సంభవించును. గిటారు కొనకముందు ఎలక్ట్రీషియనును పిలిచి ఎర్తింగు చూపించుకొనుడు.

ఇదంతయు చదువు చెఱుపు వ్యవహారమని శంకించు తండ్రులకు ఒక సంగతి. క్వీన్ బృందపు గిటారు విద్వాంసుడు బ్రయన్ మే 1963లో, కొనుటకు డబ్బు లేక, తండ్రితో కలిసి ఇంటిలోనే గిటారు తయారుచేయ మొదలిడెను. దండికి పాత చలిమంటగూటి పలక, కంపనపు మీటకు మోటారుసైకిల్ స్ప్రింగులు. ఆ గిటారునే జీవితమంతయు వాయించి, 2007లో ఖగోళభౌతికశాస్త్రమున డాక్టరేటు గూడ పొందెను. పిల్లవానికి గిటారును ర్యాంకునకు బహుమానముగ ఎర చూపుట కంటె, తండ్రియు కొడుకును కలిసి ఆదివారము నాడు ఒక పాతదానిని విప్పి తుడిచి తీగలు మార్చుట మేలని నా అభిప్రాయము.

మన ఊరి సంగీతవాద్యముల దుకాణదారులకు నాదొక విన్నపము. గాజు బీరువాలో తాళము వేసి, ధరచీటి కట్టి, శ్రుతి తప్పిన తీగలతో వ్రేలాడదీసిన గిటారును చూచి ఎవడును తన చేతికి తగినదేదో తెలిసికొనలేడు. అట్టి అంగడికి పోయిన పిల్లలు సికింద్రాబాదు రైలెక్కుదురు, లేదా ఫోనులో బొమ్మ చూచి కొందురు. ఒక్క మంచి గిటారును సెటప్ చేయించి, శ్రుతి చేసి, ఒక చిన్న యాంప్‌నకు తగిలించి, ఒక బల్ల వేసి, ఎవరు వచ్చినను పది నిమిషములు వాయించి చూచుకొననిండు.