ఎనిమిది నుంచి పదమూడుకు

మన దగ్గర డిగ్రీ, ఇంజనీరింగ్ చదివినవారికి ఆ నీలిరంగు తెర గుర్తుండే ఉంటుంది. చెప్పులు బయట విడిచి, చల్లటి ఏసీ గదిలోకి వెళ్లి, ఒక్కో కంప్యూటర్ ముందు ఇద్దరేసి సర్దుకుని కూర్చుంటే, ఎదురుగా టర్బో సీ. ఆల్ట్, ఎఫ్9 నొక్కితే తప్పులు చూపించేది. కంట్రోల్, ఎఫ్9 నొక్కితే ప్రోగ్రాం నడిచేది. ఇంట్లో కంప్యూటర్ ఎరగని ఎందరో పిల్లలు తొలి ప్రోగ్రాం రాసింది ఆ తెరమీదే.

బోర్లాండ్ సంస్థ టర్బో సీని 1987లో తెచ్చింది. అది డాస్ కాలపు సరుకు. ఇప్పటి 64 బిట్ విండోస్‌లో నేరుగా నడవదు, డాస్‌ను అనుకరించే డాస్‌బాక్స్ సాయం కావాలి. అయినా ఇప్పటికీ దానితోనే పాఠం మొదలుపెట్టే ల్యాబులు ఉన్నాయి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఎలాగూ విండోస్ మార్చాలి కాబట్టి స్టాఫ్‌రూముల్లో పాత ప్రశ్నే మళ్లీ వచ్చింది. ఈసారైనా టర్బో సీని మార్చేద్దామా?

వద్దనడానికి కారణాలు దొరుకుతాయి. ల్యాబ్ మాన్యువల్ అంతా దాని ప్రకారమే ఉంది. రికార్డులు మళ్లీ రాయించాలి. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌గా వచ్చేవారు ఏమంటారో! ఇవన్నీ నిజమే. కానీ పైకి అనని కారణం ఇంకొకటి ఉంటుందని నాకనిపిస్తుంది.

ఏళ్ల తరబడి ల్యాబ్ చూసుకుంటున్న మేడం ఒకరిని ఊహించుకోండి. పిల్లల వెనక నడుస్తూ, తెరవైపు ఒక్క చూపు చూసి, "నాలుగో లైన్లో సెమీకోలన్ ఏదమ్మా?" అంటారు. అంతే, ప్రోగ్రాం నడుస్తుంది. ఆ చూపు ఊరికే వచ్చింది కాదు. ఎన్నో బ్యాచ్‌ల తప్పులు దిద్దితే వచ్చింది. సాఫ్ట్‌వేర్ మారిన మర్నాడు ఆమె అరవై మంది ముందు నిలబడి, ఏ బటన్ ఎక్కడుందో వెతుక్కోవాలి. కొత్తది నేర్చుకోలేక కాదు ఆ వెనకంజ. అన్నేళ్లుగా నిలబెట్టుకున్న పట్టు పిల్లల ముందు సడలుతుందేమోనన్న బెంగ. పని తెలిసిన ఎవరికైనా ఆ బెంగ ఉంటుంది. అందులో చిన్నతనం ఏమీ లేదు.

పిల్లల వైపు నుంచి కూడా చూడాలి కదా. ఒకటి నుంచి ఇచ్చిన అంకె దాకా అన్నిటినీ గుణించే ఫ్యాక్టోరియల్ ప్రోగ్రాం రాయని ఫస్టియర్ ఉండదు. ఏడు దాకా జవాబు సరిగ్గా వస్తుంది. ఎనిమిది ఇస్తే 40,320 రావాల్సిన చోట మైనస్ 25,216 కనిపిస్తుంది. టర్బో సీలో పూర్ణాంకాన్ని దాచే 'ఇంట్' అన్నది 32,767 దాటి పట్టదు మరి. పాపం, ప్రోగ్రాం రాసిన అమ్మాయి లెక్క తప్పిందేమోనని లైన్లన్నీ మళ్లీ మళ్లీ చూసుకుంటుంది. రేపు చాలా ఉద్యోగాల్లో కనబడని హద్దు కోసం ఇవాళ ఇంత మథనం ఎందుకు? అందుకే మార్చడమే మంచిదంటాను.

అయితే ఒక సంగతి. ఇప్పటి కంపైలర్లలోనూ మామూలు 'ఇంట్'తో పన్నెండు దాకానే సరైన జవాబు వస్తుంది. పదమూడు దగ్గర మళ్లీ అదే పేచీ. హద్దు ఎనిమిది నుంచి పదమూడుకు జరిగిందంతే. ఎనిమిది దగ్గర ఎందుకు తప్పిందో ఇన్నేళ్లూ ఓపికగా విప్పిచెప్పిన మేడమే పదమూడు దగ్గరా చెప్పగలరు. పోయేవి ఎఫ్9, నీలితెర. ఆమెకు తెలిసిన విద్యలో చాలా భాగం ఎక్కడికీ పోదు.

కాలేజీలో చదువుకుంటున్న పిల్లలకు ఒక్క మాట. ఈ ఏడాది మీ ల్యాబులో కొత్త సాఫ్ట్‌వేర్ వస్తే, మీ మేడమో సారో ఒక మెనూ దగ్గర తడుముకోవచ్చు. మీలో మీరు నవ్వుకోకండి. మీకు తెలిస్తే దగ్గరికి వెళ్లి చూపించండి. తెలియకపోతే కాసేపు ఆగండి, వాళ్లే కనుక్కుంటారు.