పత్రిక యెవరి సొత్తు?

అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున 1829వ సంవత్సరమున స్థాపింపబడిన ‘ఇంక్వైరర్’ దినపత్రిక నేటికిని వెలువడుచున్నది. దీర్ఘాయువు మాత్రమే పత్రికకు గౌరవమని మేము తలంపము. ఆ యాయువు నెవరు, ఎందులకు కాపాడిరనునదియే విచార్యము.

2006లో ఈ పత్రికను, సోదరపత్రికయగు ‘డెయిలీ న్యూస్’ను స్థానిక ధనికులు 50 కోట్ల డాలర్లకు మించిన వెలకు కొనిరి. మూడేండ్లు నిండకమునుపే, 2009లో, ఋణభారముచే సంస్థ దివాలా తీసెను. 2012లో 5.5 కోట్ల డాలర్లకును, 2014లో 8.8 కోట్లకును మరల చేతులు మారెను. ప్రజల పక్షమున పలుకవలసిన పత్రిక అంగడి సరకయ్యెను గదా!

తుదకు 2016లో దాని యజమాని లెన్‌ఫెస్ట్ పత్రికను లాభాపేక్షలేని సంస్థకు దానముచేసి, 2 కోట్ల డాలర్ల మూలనిధిని గూడ నొసగెను. ఇది మిక్కిలి శ్లాఘనీయము. సంపాదకుని కలముపై వాటాదారుని లాభచింత యికలేదు.

అయినను ఆదాయవ్యయముల లెక్క తప్పలేదు. ముద్రణాలయము విక్రయింపబడి 2021లో మూతపడగా, సుమారు 500 మంది జీవనోపాధిని గోలుపోయిరి. ఔదార్యము యజమానిని మార్చగలదేకాని పాఠకుని సృజింపజాలదు.

దాతపై నాధారపడిన పత్రికకు ఆ దాతయే దిక్కు. చందాదారులపై నాధారపడినదానికి ఊరంతయు దిక్కు. ఒక ప్రతిని పదిమంది చదువుట మంచిదే. కాని ఆ పదిమందిలో నొక్కడును చందా చెల్లింపనిచో, పత్రిక పరుల సొత్తయ్యెనని వగచు హక్కు వారికెక్కడిది?