వెబ్‌సైటు నిర్మాణమునకు సంఘములు ఎంత సొమ్ము చెల్లింపవలెను?

మన సహకార సంఘములలో కొన్నిటికి ఇటీవల వెబ్‌సైటు కావలెనను కోరిక కలిగినది. కోరిక మంచిదే. కాని మహాజనసభలో ఈ ప్రస్తావము వచ్చినప్పుడెల్ల మొట్టమొదట వినబడు ప్రశ్న "ఎంతగును?" అనునదియే. ఒకరు అయిదువేలకే చేసియిత్తుమందురు. వేరొకరు లక్షకు తక్కువకు వీలుకాదందురు. పాలకవర్గమువారు ఏమియు దోచక, తుదకు తక్కువ యడిగినవారికే పని నప్పగింతురు. ఇది సభ్యుల సొమ్ము గావున ఈ విషయమున మా యభిప్రాయమును దెలుపుట యవసరమని తలంచితిమి.

బావి త్రవ్వించుటకు ఎంతగునని యడిగినచో తెలిసినవాడు వెంటనే ధర చెప్పడు. నేల యెట్టిది, నీరెంత లోతున నున్నది, రాతికట్టడమా, వరలా యని యడుగును. వెబ్‌సైటును అట్టిదే. సంఘము యొక్క చిరునామా, కార్యాలయపు వేళలు, ఋణముల నిబంధనలు, ఎరువుల ధరలు తెలుపు నాలుగైదు పుటలు ఒక పని. పసుపునో, బియ్యమునో, మామిడిపండ్లనో పట్టణవాసులకు నేరుగా విక్రయించి, సొమ్మును అచ్చటనే పుచ్చుకొనుట మరియొక పని. మొదటిది దినములలో ముగియును. రెండవదానికి మాసములు పట్టవచ్చును. కావున ధర విచారించుటకు ముందు మనకేమి కావలెనో ఒక కాగితముపై వ్రాసికొనవలెను.

అట్లు వ్రాసికొన్నపిదప కొన్ని సంఘములకు వెబ్‌సైటు అక్కరలేదనియే తేలును. యూరియా వచ్చినదని స్వగ్రామపు రైతులకు దెలుపుటయే ప్రయోజనమైనచో వాట్సాప్ సందేశమును, కార్యాలయపు గోడమీది నోటీసును చాలును. ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘముల కంప్యూటరీకరణమునకై కేంద్ర ప్రభుత్వము 2022లో 2,516 కోట్ల రూపాయల పథకము నంగీకరించినది. లెక్కల సాఫ్టువేరు ఆ పథకముననే చేరియున్నది. ఆ పథకములోని సంఘములు దానినే వెబ్‌సైటు పేర మరల కొనుట వృథా వ్యయము.

ఇక న్యాయమైన ధర యెట్లు కట్టవలెను? పనివాని దినములను బట్టి కట్టవలెను. ఒక యువకుని కుటుంబపోషణము, కంప్యూటరు, విద్యుత్తు, ఇంటర్నెట్టు అన్నియు గలిసి నెలకు 36,000 రూపాయలగుననుకొందము. నెలలో 25 దినములు పనిచేసినను, పనులు వెదకుటకును, మాటలాడుటకును, నేర్చుకొనుటకును పోగా 15 దినములకే కూలి వచ్చును. అనగా దినమునకు 2,400 రూపాయలు. పని 12 దినములదైనచో 28,800 రూపాయలగును. అతడు జి.ఎస్.టి. క్రింద నమోదైయున్నచో 18 శాతము చొప్పున మరి 5,184 రూపాయలు చేరును. ఈ యంకెలు ఉదాహరణమునకు మాత్రమే. ఊరిని బట్టియు, నేర్పును బట్టియు మారును. లెక్క కట్టు విధానము మాత్రము మారదు. ఈ లెక్కకు మిక్కిలి తక్కువగా నడుగువాడు పనిలోనైనను తగ్గించును, నడుమనైనను విడిచిపోవును. అధ్యక్షుని మేనల్లుడు ఉచితముగా చేయుననుటయు మాకు సమ్మతము కాదు. ఉచితపు పనిలో తప్పు వచ్చిన నెవరు ప్రశ్నింపగలరు?

ధరకంటెను ముఖ్యమైనది హక్కు. వెబ్‌సైటు పేరు భూమి పట్టావంటిది. మా సంఘమువారు మొదట ఈ సంగతి నెరుగక, పేరును నిర్మాత తన పేరనే నమోదు చేసికొనగా నూరకుండిరి. మూడవ యేట అతడు పునరుద్ధరణమునకు అడిగిన సొమ్ము నీయలేక ఆ పేరును విడిచి, క్రొత్తపేరుతో మొదటినుండి ప్రారంభింపవలసివచ్చెను. సంచులపై నచ్చొత్తించిన పాతచిరునామా యంతయు వ్యర్థమైనది. కావున పేరు సంఘము పేరనే నమోదు కావలెను. రహస్యపదములు కార్యదర్శియొద్దను, సీలువేసిన కవరులో అధ్యక్షునియొద్దను ఉండవలెను.

పేరునకును, సర్వరులోని స్థలమునకును ప్రతియేట చెల్లింపు కలదు. భూమికి శిస్తువలె ఇది తప్పదు. గడువు మరచినచో పేరు పరుల పాలు కావచ్చును. మరమ్మతులకును, ధరల మార్పునకును అగు వ్యయమును గూడ గలిపి, మొదటి యేటికి మాత్రమే కాక అయిదేండ్లకు లెక్క చూచి తీర్మానింపవలెను.

కరారును వ్రాతపూర్వకముగా జేసికొనుడు. అందు పుటలెన్ని, గడువెంత, మార్పులెన్నిసార్లు చేయవలెను అనునవి యుండవలెను. సొమ్మును మూడు వాయిదాలుగా నిచ్చుట మేలు: బయానాగా నొక భాగము, నమూనా చూపినపుడొక భాగము, తాళములన్నియు అప్పగించినపిదప తక్కినది. అక్షరములు యూనికోడు తెలుగులో నుండవలెను. బొమ్మలుగా అతికించిన వ్రాత వెదకినను దొరకదు. పుట తక్కువధర ఫోనులోను త్వరగా తెరచుకొనవలెను. రైతు చూచునది ఆ ఫోనులోనే గదా.

ఒకమాట సంఘములవారికిని చెప్పవలసియున్నది. పని ముగిసినపిదప "ఇంకొక పుట చేర్చుము, రంగు మార్చుము" అని నెలలతరబడి త్రిప్పి, తుదివాయిదాను నిలిపియుంచుట అన్యాయము. మన ధాన్యమునకు తరుగు తీసి, సొమ్ము నాలసింపజేయు వర్తకుని మనము నిందింతుము. మనమే ఆ వర్తకుల మగుదుమా?

1844లో ఇంగ్లండునందలి రాచ్‌డేల్ పట్టణమున నేతపనివారు స్థాపించిన సహకారపు అంగడి సరియైన తూకమునకును, కల్తీలేని సరకునకును పేరుగాంచినది. అమ్మునప్పుడు వలెనే కొనునప్పుడును మనకు ఆ ధర్మమే శిరోధార్యము. రాబోవు మహాజనసభలో ఈ విషయము వచ్చినచో సభ్యులు ధరను మాత్రమే విచారింపక, పేరు ఎవరిదని మొదట నడుగుదురుగాక.